తొలినాటి రోల్ ప్లేయింగ్ గేమ్‌లు ఆడాలనుందా? ఏ పెట్టె తెరవాలో నా సలహా

ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసుకుని, ఆడించే మనిషి చెప్పే కథలో ఆ పాత్రగా ఏం చేస్తారో చెబుతూ ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్‌లు ఎలా పుట్టాయో ఆడి తెలుసుకోవాలనుకునేవాళ్ళలో చాలామంది ముందుగా 1974 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడు పుస్తకాల పీడీఎఫ్ కొనేస్తారు. మొదటిది అదే కదా అని. నేనూ అదే చేశాను. ఒక ఆదివారం సాయంత్రం నలుగురం కూర్చుని పాత్రలు తయారు చేసుకున్నాం, నేలమాళిగలోకి దిగాం, మొదటి గదిలోనే గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు ఎదురయ్యాయి. ముందు ఎవరు కొట్టాలి? ముగ్గురం మూడు ఫోన్లలో మూడు పుస్తకాలు ముప్పావు గంట వెతికాం, దొరకలేదు. దానికి చెయిన్‌మెయిల్ అనే ఇంకో పుస్తకం మన దగ్గర ఉంటుందన్న నమ్మకంతో రాశారని తర్వాత తెలిసింది. ఈలోపు మా బావ రెండోసారి టీ పెట్టుకొచ్చి, "ఆట ఇంకెప్పుడు మొదలవుతుందిరా?" అని అడిగాడు.

ఆ మూడు పుస్తకాల మీద నాకిప్పుడు చాలా గౌరవం ఉంది. కానీ అవి అప్పటికే యుద్ధపు ఆటలు, అంటే వార్‌గేమ్‌లు, ఆడుతున్నవాళ్ళ కోసం రాసినవి. కవర్ మీద రోల్ ప్లేయింగ్ అన్న మాటే ఉండదు. కాగితం, పెన్సిల్, చిన్న బొమ్మలతో ఆడుకునే మధ్యయుగపు ఊహా యుద్ధాలకు నియమాలు అన్న అర్థం వచ్చేలా ఉంటుంది. ఆట ముందుగా మనుషుల మధ్య, ఒక బల్ల చుట్టూ పుట్టింది. పుస్తకం తర్వాత వచ్చింది, అందులో ఆట సగమే పట్టింది. మిగతా సగం ఆడించే మనిషి తలలో ఉండేది. అందుకే పాత ఆటల్లో ఒకటి ఎంచుకునేటప్పుడు ఏది మొదటిదన్నది నేను అంతగా చూడను. రాయకుండా వదిలేసిన ఆ సగాన్ని మన బల్ల దగ్గర ఎవరు నింపగలరు, ఎంత నింపగలరు అన్నది చూస్తాను.

ఆ సగం ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే కింద నేనిచ్చే సలహాకు అర్థం ఉండదు.

1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే యువ అధికారి, తన తండ్రి మొదలుపెట్టిన క్రీగ్‌స్పీల్ అనే ఆటను మెరుగుపరిచి పై అధికారులకు చూపించాడు. మ్యాపు మీద రెండు పక్షాలు, మధ్యలో ఒక అంపైర్. ఆటగాళ్ళు ఆజ్ఞలు రాసిస్తే వాటి ఫలితం అంపైర్ చెప్పేవాడు. శత్రువు ఎక్కడున్నాడో ఆటగాడికి పూర్తిగా తెలియదు, అంపైర్‌కే తెలుసు. కాలం గడిచేకొద్దీ లెక్కలు, పట్టికలు ఎక్కువై ఆట నత్తనడక పట్టింది. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే మరో ప్రష్యన్ అధికారి ఈ పట్టికలన్నీ పక్కన పెట్టమన్నాడు. అనుభవమున్న అంపైర్ తన బుద్ధితో ఫలితం చెబితే చాలన్నాడు. రోల్ ప్లేయింగ్ గేమ్‌కు వెన్నెముక నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆటగాడు "నేను ఇది చేస్తాను" అంటాడు, అవతల కూర్చున్న మనిషి ఏం జరిగిందో చెబుతాడు.

దాదాపు వందేళ్ళ తర్వాత అమెరికాలోని మిన్నెసోటాలో డేవ్ వెస్లీ అనే కుర్రాడు, 1880లో టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి రాసిన స్ట్రాటెగోస్ అనే పాత నియమాల పుస్తకం పట్టుకున్నాడు. ఆటగాడు ఏం చేయాలనుకున్నా సరే, అది కుదురుతుందో లేదో రెఫరీ తేలుస్తాడన్న ఆలోచన అతనికి అందులో దొరికింది. 1960ల చివర్లో బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణంలో, నెపోలియన్ కాలంలో జరిగే ఆట ఒకటి తయారు చేశాడు. సైన్యాలు ఇంకా పట్టణానికి చేరలేదు. ఒకరికి మేయర్ పాత్ర, ఇంకొకరికి బ్యాంకు యజమాని, ఇంకొకరికి విశ్వవిద్యాలయం పెద్ద. ఎవరి పాత్రకు వాళ్ళ సొంత కోరికలు. వచ్చినవాళ్ళు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు గుసగుసలాడుకున్నారు, బేరాలాడారు, ఇద్దరు ద్వంద్వయుద్ధానికి కూడా దిగబోయారు. యుద్ధం మొదలవనేలేదు. ఆట చెడిపోయిందని వెస్లీ బాధపడుతుంటే, ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడు పెడతావని వెంటపడ్డారు.

ఆ ఆటగాళ్ళలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. 1971లో అతను బ్లాక్‌మూర్ మొదలుపెట్టాడు. ఒక చిన్న రాజ్యం, ఒక కోట, ఆ కోట కింద అంతస్తులు అంతస్తులుగా నేలమాళిగలు. ప్రతి ఆటగాడికీ ఒకే పాత్ర, ఆ పాత్ర ఒక వారం నుంచి ఇంకో వారానికి బతికుంటుంది, ఎదుగుతుంది. ఒక్క దెబ్బకే పాత్ర చచ్చిపోతుంటే ఆటగాళ్ళకు నచ్చలేదు. దాంతో ఇనుప యుద్ధనౌకల ఆటల్లో ఓడలు ఎన్ని దెబ్బలు తట్టుకుంటాయో లెక్కపెట్టే పద్ధతిని మనుషులకూ పెట్టానని ఆర్నెసన్ తర్వాత చెప్పాడు. ఈ రోజు ఫోన్ గేముల్లో ఎర్ర గీతగా తగ్గుతూ కనిపించే హిట్ పాయింట్లకు మూలం అదే.

పక్క రాష్ట్రమైన విస్కాన్సిన్‌లో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో గ్యారీ గైగాక్స్ ఉండేవాడు. 1968లో జెన్ కాన్ అనే ఆటల సమావేశం మొదలుపెట్టింది, 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి చెయిన్‌మెయిల్ రాసింది ఆయనే. ఆ పుస్తకం చివర మాంత్రికులు, డ్రాగన్లతో ఒక అనుబంధం ఉంది, ఆర్నెసన్ దాన్ని వాడుకున్నాడు. 1972 చివర్లో ఆర్నెసన్, డేవిడ్ మెగారీ లేక్ జెనీవా వెళ్ళి బ్లాక్‌మూర్ ఆడించి చూపించారు. గైగాక్స్ వెంటనే గ్రేహాక్ పేరుతో తన సొంత నేలమాళిగ గీసుకుని, ఆర్నెసన్ పంపిన కొన్ని పేజీల నోట్సు ఆధారంగా నియమాలు రాయడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకం అచ్చు వేయడానికి కంపెనీలు ముందుకు రాలేదు. 1973లో స్నేహితుడు డాన్ కేతో కలిసి టీఎస్ఆర్ అనే కంపెనీ పెట్టుకున్నాడు. బ్రయన్ బ్లూమ్ డబ్బు తెచ్చి చేరాక 1974 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టెలు వెయ్యి అచ్చయ్యాయి. ధర 10 డాలర్లు. ఆ వెయ్యీ ఏడాదిలోపే అయిపోయాయి.

ఇక ఎంపిక సంగతికి వద్దాం.

1974 పెట్టెను చదవడానికి కొనండి. అందులో పాత్రలకు మూడే వర్గాలు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. దొంగ ఇంకా పుట్టలేదు, 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో వచ్చాడు. ఏ ఆయుధంతో కొట్టినా ఆరు ముఖాల పాచిక ఒకటే. అడవిలో తిరగడానికి అవలాన్ హిల్ కంపెనీ వేరే ఆట బోర్డు వాడుకోమంటారు. ఒక్క రెఫరీ ఇరవై మందిని ఆడించవచ్చంటారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. వాళ్ళ ఊహలో ఉన్నది మనలా నలుగురు స్నేహితులు కాదు, ఊరంత క్లబ్. రోజూ ఎవరో ఒకరు వచ్చి దిగే నేలమాళిగ, అందరికీ ఉమ్మడిగా ఒకే ప్రపంచం. చివరి పేజీలో ఇంకా ఊహించే పని కూడా మేమే ఎందుకు చేసిపెట్టాలి, మీరే కానివ్వండి అని పాఠకుడి మీదే వదిలేస్తారు. అది చదువుతుంటే గుండె నిండుతుంది. కానీ మొదటిసారి ఆడించేవాడికి ఆ నమ్మకమే పెద్ద టెన్షన్. మీ జట్టులో ఇదివరకే నాలుగైదు రకాల ఆటలు ఆడించినవాళ్ళు ఉంటేనే దీన్ని బల్ల మీదికి తీసుకురండి.

1977లో వచ్చిన నీలం పుస్తకం ఈ కష్టాన్ని గుర్తించిన మొదటి ప్రయత్నం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నాడీ శాస్త్ర ప్రొఫెసర్‌గా ఉన్న ఎరిక్ హోమ్స్, కొత్తవాళ్ళకు అర్థమయ్యేలా తిరగరాస్తానని తనే టీఎస్ఆర్‌ను అడిగాడు. పాత్ర ఎదిగే మెట్లలో మొదటి మూడు స్థాయిల వరకే ఉంటుంది, 48 పేజీలు. ఆయన రాసిన తీరులో ఒక ఆప్యాయత ఉంది. కానీ మూడో స్థాయి దాటాక ఎటు వెళ్ళాలన్న దగ్గర మిమ్మల్ని అడ్వాన్స్‌డ్ అనే వేరే వరస పుస్తకాల వైపు పంపిస్తుంది (వాటి సంగతి కింద చెబుతాను), అవేమో వేరే లెక్కతో నడుస్తాయి. 1974కూ 1981కీ మధ్య ఏం మారిందో చూడాలన్న ఆసక్తి ఉంటే తప్ప దీన్ని దాటేయవచ్చు.

నా ఓటు 1981లో టామ్ మోల్డ్‌వే రాసిన బేసిక్ పుస్తకానికి. 64 పేజీలు. దాంతోపాటు డేవిడ్ కుక్, స్టీవ్ మార్ష్ రాసిన ఎక్స్‌పర్ట్ పుస్తకం, అదీ 64 పేజీలే, 14వ స్థాయి వరకు తీసుకెళ్తుంది. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పాత ఆటగాళ్ళు తలలో పెట్టుకుని నడిపిన పద్ధతిని కాగితం మీద పెట్టి చూపించిన పుస్తకం ఇదే. నేలమాళిగలో ఒక వంతు అంటే పది నిమిషాలు. కాగడా ఆరు వంతుల పాటు వెలుగుతుంది. ప్రతి రెండు వంతులకు ఒకసారి రెఫరీ పాచిక వేస్తాడు, ఒకటి పడితే ఏదో ఒక జీవి మీ దారిలోకి వస్తుంది. అది వచ్చాక వెంటనే కొట్లాటే జరగాలని లేదు. రెండు పాచికలు వేసి కూడినప్పుడు మొత్తం రెండు వస్తే మీద పడుతుంది, పన్నెండు వస్తే స్నేహంగా పలకరిస్తుంది. మధ్యలో అంకె వస్తే అనుమానంగా చూస్తూ నిలబడుతుంది, మీరేం మాట్లాడతారో వింటుంది. శత్రువులకు ధైర్యం అంకె కూడా ఉంటుంది, సగంమంది పడిపోతే మిగతావాళ్ళు పారిపోవచ్చు.

ఇంకొక్క నియమం మాత్రం వివరంగా చెప్పాలి. పాత్ర పై స్థాయికి ఎదగడానికి కావాల్సిన అనుభవం పాయింట్లు ఎక్కువగా వచ్చేది బయటికి మోసుకొచ్చిన నిధి నుంచి. ఒక బంగారు నాణేనికి ఒక పాయింటు. గాబ్లిన్‌ను చంపితే వచ్చేది దాని ముందు లెక్కలోకి రాదు. అందువల్ల తెలివైన జట్టు కొట్లాట తప్పించుకుంటుంది, బేరమాడుతుంది, దొంగదారి వెతుకుతుంది, లాంతరు నూనె లెక్కపెట్టుకుంటుంది. ఇప్పటి ఆటలకు అలవాటుపడ్డ మా జట్టు మొదటి రెండు వారాలు ప్రతి తలుపూ తన్ని లోపలికి దూరి, ఐదు పాత్రలు పోగొట్టుకుంది. మూడో వారం మా చెల్లెలు గాబ్లిన్ల కాపలావాడితో కూర్చుని, పక్క గుహలో ఉన్న ఓర్కులనే ఇంకో రాక్షస గుంపు మీద చాడీలు చెప్పి, రెండు గుంపులనూ ఒకదాని మీదికి ఒకటి ఎగదోసింది. ఒక్క కత్తి దూయకుండా బంగారం పట్టుకొచ్చారు. బ్రౌన్‌స్టైన్‌లో యుద్ధం మొదలవకుండానే ఆట అయిపోయిందని చదివినప్పుడు అర్థంకానిది నాకు ఆ రోజు అర్థమైంది.

1983లో ఫ్రాంక్ మెంట్జర్ తిరగరాసిన ఎర్ర పెట్టె దీనికి తమ్ముడు. ఒంటరిగా నేర్చుకోవాల్సినవాళ్ళకు మోల్డ్‌వే కన్నా ఇదే మేలు. పుస్తకం తెరవగానే మీరొక యోధుడు అంటూ కథ మొదలుపెట్టి, పాచికలు వేయిస్తూ, ఒక్కొక్క నియమం చేతిలో పెడుతుంది. అలీనా అనే పూజారిణి మీకు తోడు వస్తుంది, బార్గిల్ అనే మాంత్రికుడి చేతిలో చనిపోతుంది. ఆ చిన్న ఘట్టం గుర్తుచేసుకుని ఇప్పటికీ బాధపడే పెద్దవాళ్ళున్నారు. పన్నెండేళ్ళ పిల్లలున్న ఇంట్లో ఇది తీసుకోండి. పెద్దవాళ్ళ జట్టుకు మాత్రం ఆ నేర్పే పేజీలు అడ్డం అనిపిస్తాయి, అవసరమైన నియమం వెతకడానికి మోల్డ్‌వే పుస్తకమే సులువు.

అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ గురించి అడిగేవాళ్ళు చాలామంది. 1977 చివర్లో రాక్షసుల పుస్తకం, 1978లో ఆటగాళ్ళది, 1979లో రెఫరీది వచ్చాయి. పేరులో అడ్వాన్స్‌డ్ ఉంది కాబట్టి బేసిక్ తర్వాత చదవాల్సిన రెండో తరగతి అనుకోకండి, ఇది పక్కనే నడిచిన వేరే వరస. దీని మీద గైగాక్స్ పేరొక్కటే ఉంటుంది. తనకు రావాల్సిన రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకెళ్ళాడు, 1981లో రాజీ కుదిరింది. రెఫరీ పుస్తకం నాకెంతో ఇష్టం, ఏ పేజీ తీసినా ఏదో ఒక ఆలోచన దొరుకుతుంది. కానీ మొదటి ఆటగా వద్దు.

మనవాళ్ళకు ఇందులో ఒక విషయం ఆసక్తిగా ఉంటుంది. 1977 నాటి ఆ రాక్షసుల పుస్తకంలో రాక్షస అనే పేరుతోనే మన రాక్షసుడున్నాడు. పులి తల, ఒంటి మీద దర్జా కోటు, చేతిలో పొగగొట్టం. కోరిన రూపం ధరిస్తాడు. మంత్రించిన బాణం తగిలితే చస్తాడు. మన కథల్లో విన్న కామరూపం, నరమాంసం మీద కోరిక అందులో మిగిలాయి, ఆ పులి తల వాళ్ళ చిత్రకారుడు ట్రాంపియర్ చేతి గీత. అయినా ఆ బొమ్మ ఎంతగా పాతుకుపోయిందంటే, ఈనాటికీ ఆ ఆటలో రాక్షసుడంటే పులే. మీ బల్ల దగ్గర మీరు మారీచుడినో ఘటోత్కచుడినో పెట్టుకుంటే ఎవరూ అడ్డం చెప్పరు. నేను పెట్టాను.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కాకుండా ఆ కాలంలోనే వచ్చినవి కూడా చూడండి. 1975లో ఫీనిక్స్ నగరంలో కెన్ సెయింట్ ఆండ్రే, స్నేహితుడి దగ్గర 1974 పుస్తకాలు చదివి, ఆలోచన అద్భుతం కానీ నియమాలు అర్థం కావట్లేదని తనే ఒకటి రాసుకున్నాడు. అదే టన్నెల్స్ అండ్ ట్రోల్స్. మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు, వైకుంఠపాళి డబ్బాలో ఉన్నవి పనికొస్తాయి. కొట్లాటలో రెండు పక్షాలూ పాచికలు వేసి మొత్తం కూడుకుంటాయి, తక్కువ వచ్చినవాళ్ళకు ఆ తేడా అంత దెబ్బ. రెఫరీ లేకుండా ఒక్కరే ఆడుకునే సాహసాలు కూడా ఈ ఆటకే ముందు వచ్చాయి, మొదటిది 1976 నాటి బఫెలో క్యాజిల్. జట్టు దొరకనివాళ్ళకు, విదేశంలో హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్నవాళ్ళకు ఇదే చెబుతాను.

కత్తులు, కోటలు విసుగనిపించేవాళ్ళకు 1977లో మార్క్ మిల్లర్ రాసిన ట్రావెలర్ ఉంది. అంతరిక్షం, మూడు నల్ల పుస్తకాలు, రెండే పాచికలు. పాత్ర తయారుచేయడమే ఒక ఆట: నాలుగేళ్ళకోసారి ఉద్యోగంలో ఏం జరిగిందో పాచిక చెబుతుంది, అసలు ఆట మొదలవకముందే పాత్ర చచ్చిపోవచ్చు కూడా. బతికి బయటపడ్డవాడికి నలభై ఏళ్ళొస్తాయి, చేతిలో కొంచెం డబ్బు, గతం ఒకటి ఉంటాయి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ వర్గాలు తీసేసి ప్రతి నైపుణ్యానికీ నూటికింత అని అంకె పెట్టింది. లెక్కలు ఇష్టమైతేనే తీసుకోండి.

1975లోనే వచ్చిన ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్‌ను చాలామంది మెచ్చుకుంటారు, అందులోని ప్రపంచానికి దక్షిణాసియా రంగు ఉంది కాబట్టి మనకు దగ్గరగా ఉంటుందని చెబుతారు. రాసిన బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ ప్రొఫెసర్. ఆయన మారుపేరుతో నాజీ భావాల నవల రాశాడని 2022లో ఆయన రచనలను చూసుకునే ఫౌండేషనే ఒప్పుకుంది. అది తెలిశాక నేను దాన్ని ఎవరికీ సిఫారసు చేయడం మానేశాను.

చివరిగా, డబ్బు అక్కర్లేని దారి ఒకటుంది. పదిమందికి పైగా మనుషులు, ఒక మధ్యాహ్నం ఉంటే పుస్తకం లేకుండా బ్రౌన్‌స్టైన్ ఆడండి. పోయిన సంక్రాంతికి మా తాతగారింట్లో నేనిది చేశాను. ఎన్నికలకు ముందు రోజు ఒక ఊరు. పెద్దమ్మకు సర్పంచ్ పాత్ర, బాబాయికి రైస్ మిల్లు, మా బావకు అప్పులిచ్చే వడ్డీ వ్యాపారి, పిల్లలకు పోస్ట్‌మ్యాన్, బస్సు కండక్టర్. ప్రతి ఒక్కరికీ చీటీ మీద రెండు కోరికలు, ఒక రహస్యం. నేను వెనక గదిలో కూర్చున్నాను, ఏదైనా చేయాలనుకున్నవాళ్ళు వచ్చి నా చెవిలో చెప్పాలి. అనుమానం ఉన్నచోట రెండు పాచికలు వేశాను, అంతే. గంట గడిచేసరికి పోస్ట్‌మ్యాన్ పాత్రలో ఉన్న పదేళ్ళ పిల్ల అందరి ఉత్తరాలూ చదివేసి ఊరంతటినీ గుప్పిట్లో పెట్టుకుంది. పెద్దమ్మ "ఇదెక్కడి ఆటరా, నాకు చెమటలు పడుతున్నాయి" అంటూనే రాత్రి భోజనాల దాకా పాత్ర వదల్లేదు.

మీరు నలుగురో ఐదుగురో ఉండి ఈ నెలలోనే మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయండి. మోల్డ్‌వే బేసిక్ పీడీఎఫ్ డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. కొనడం కుదరకపోతే బేసిక్ ఫ్యాంటసీ అనే ఆట ఉచితంగా దొరుకుతుంది, దాదాపు అదే నడక. అదే నియమాలు ఇంకా శుభ్రంగా సర్దిపెట్టి కావాలంటే 2019లో వచ్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ తీసుకోండి, నేనిప్పుడు ఆడించేది దాంతోనే. ఆడించడానికి సిద్ధంగా రాసిపెట్టిన సాహసం కావాలంటే గైగాక్స్ రాసిన కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్, మోల్డ్‌వే పెట్టెలో కలిపి ఇచ్చినది అదే. అందులోని గుహల మ్యాపు ఒక్కటి పెద్దగా ప్రింట్ తీసుకోండి. ప్రతి ఆటగాడికీ రెండేసి పాత్రలు సిద్ధంగా ఉంచండి, మొదటి రోజు సగం పోతాయి. పాచికలు లేకపోతే ఫోన్ యాప్ చాలు, 1979లో పాచికలు దొరక్క టీఎస్ఆర్ పెట్టెలో అంకెల చీటీలు పెట్టి అమ్మింది. మధ్యలో నియమం గుర్తురాకపోతే పుస్తకం తెరవకండి. సాధ్యమేననిపిస్తే ఆరింట్లో ఎంత పడితే జరుగుతుందో పైకి చెప్పి, అక్కడికక్కడే పాచిక వేయించండి.